ఆర్థర్ రోడ్ దవఖాన మీద రాళ్లు: బొంబాయి ప్లేగు, మన కూలి జనం



ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ మేము చీరల గురించో, నూలు ధరల గురించో, సొసైటీ లెక్కల గురించో రాస్తుంటిమి. ఈసారి దవఖానల గురించి రాయదలచినాము. కారణమున్నది. మొన్నొక మీటింగులో చదువుకున్న మనిషి ఒకాయన అన్నాడు: "మీ సాలెవాళ్లకు, కూలి జనానికి దవఖాన అంటే మొదటి నుంచీ భయమే. ప్లేగు కాలంలో కూడా డాక్టర్ల మీద రాళ్లు వేసిన జనం మీరు." మాకు ఎనిమిదో తరగతి చదువే. అయినా ఆ మాట మనసుల నాటుకున్నది. రాళ్లు పడ్డ మాట నిజమేనా, నిజమైతే ఎందుకు పడ్డవి అని మరాఠీలో, తెలుగులో దొరికినంత చదివినాము, తెలిసినవాళ్లను అడిగినాము. రాళ్లు పడ్డది నిజమే. భయమూ నిజమే. అది తెలివితక్కువ భయం మాత్రం కాదు.

మేముండేది షోలాపూర్. మరి బొంబాయి సంగతి మాకేమి అంటారేమో. షోలాపూర్‌కు వచ్చిన మన తాతల కాలంలోనే ఎందరో మనవాళ్లు అదే రైలెక్కి బొంబాయి గిర్ణీలకు పోయినారు. అంతకు ముందే నైజాం ఇలాకా నుంచి తెలుగు కూలీలు పోయి ఆ ఊరి రాళ్లు మోసినారు, సముద్రపు పల్లం పూడ్చినారు, ఇళ్లు కట్టినారు. వాళ్లను కామాటీలు అన్నారు. వాళ్లు ఉన్న పేట కామాటిపుర అయింది. ఆ పేరు వింటే ఈనాడు కొందరు మొహం తిప్పుకుంటారు. అది మట్టి పని చేసిన మన జనం పేరు అని మన పిల్లలకు చెప్పుకోవలె.

ఇక దవఖానల సంగతి. బొంబాయిలో పెద్ద దవఖాన జంషెట్‌జీ జీజీభాయి పేరుతో 1845లో మొదలైంది. ఆయన పార్శీ వర్తకుడు, లక్ష రూపాయలు ఇచ్చినాడు. అంతే సొమ్ము కంపెనీ సర్కారు వేసింది. దాని పక్కనే అదే ఏడు గ్రాంట్ మెడికల్ కాలేజీ పెట్టినారు. 1886లో ఆడవాళ్లకని కామా దవఖాన వచ్చింది. అదీ పార్శీ దాత పుణ్యమే. 1892లో అంటురోగాలకని ఊరికి ఎడంగా ఆర్థర్ రోడ్ మీద మునిసిపాలిటీ ఒక దవఖాన కట్టింది. పేర్లు చూస్తే చాలా ఉన్నట్టే అనిపిస్తది. కానీ గిర్ణీలో పన్నెండు పద్నాలుగు గంటలు నిలబడి, చాళ్ల ఖోలీలో పది పన్నెండు మంది ఒక్క చోట పడుకునే కూలివానికి ఇవి ఏపాటి దగ్గర? రోగం వస్తే ఊరికి పోవుడు, లేదా ముక్కాదం దగ్గర అప్పు చేసి వైద్యుని పిలుచుడు. దవఖానకు పోయేది దిక్కులేనివాడు. పోయినవాడు తిరిగిరాడు. ఆ మాట మా చిన్నతనంలో కూడా మన ఇళ్లల్లో వినబడుతుండె.

1891 జనాభా లెక్కల్లో బొంబాయిలో 8,21,764 మంది. వాళ్లల్లో ఎక్కువ మంది ఒకే ఖోలీ ఇంట్లో ఉండేటోళ్లే. గాలి రాదు, ఎండ రాదు, వెనక సందులో మురికి. నీళ్లు వీహార్ చెరువు నుంచి 1860లోనే తెచ్చినారు గాని, వచ్చిన నీళ్లు పోయే దారి సరిగ్గా కట్టలేదు. నీళ్లు ఎక్కువైనకొద్దీ నేల చెమ్మబారింది. గుంత మగ్గం ఇంట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనకు నేల చెమ్మ అంటే ఏందో వేరే చెప్పే పని లేదు.

1896 సెప్టెంబరులో మాండ్వీ పేటలో, రేవు దగ్గర ధాన్యం గోదాముల నడుమ, జనం జ్వరంతో టపటపా రాలుడు మొదలైంది. చంకలో, గజ్జల్లో గడ్డ. రెండు మూడు రోజుల్లో చావు. గోదాముల్లో అంతకు ముందే ఎలుకలు చచ్చి పడుతుండె. ఇది ప్లేగు అని మొదట కనిపెట్టి చెప్పినవాడు గోవా నుంచి వచ్చిన డాక్టరు, అకాసియో గాబ్రియెల్ వీగాస్. సర్కారు మొదట ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే రేవుకు ఓడలు రావు, పత్తి వ్యాపారం ఆగుతది. వీగాస్ విగ్రహం ఈనాటికీ మెట్రో సినిమా ఎదురుగా ఉన్నది. బొంబాయి పోయే మన పిల్లలు చూడవలసినది.

ఒప్పుకున్న తరువాత సర్కారు ఇంకో చివరకు పోయింది. అక్టోబరు మొదట్లో మునిసిపల్ కమిషనరు స్నో అనే దొర హుకుం తీసినాడు. ప్లేగు అని అనుమానం ఉన్నవానిని ఎవరినైనా ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా దవఖానకు తీసుకపోవచ్చు. ఇంట్లోకి జొరబడి మందు కొట్టవచ్చు, సామాను కాల్చవచ్చు. ఆ దవఖాన ఏది? ఆర్థర్ రోడ్‌దే. చుట్టూ గిర్ణీలు. గిర్ణీ జనం పనికి పోతూ వస్తూ రోజూ చూస్తున్నారు, లోపలికి బండ్లు పోతున్నవి, బయటికి పీనుగులు వస్తున్నవి.

1896 అక్టోబరు 29నాడు దాదాపు వెయ్యి మంది గిర్ణీ కూలీలు ఆ దవఖాన మీద పడ్డారు. రాళ్లు వేసినారు, లోపల పనిచేసేవాళ్లను కొట్టినారు. ఆ గుంపులో తెలుగువాళ్లు ఎందరు, మరాఠీవాళ్లు ఎందరు అని లెక్కపెట్టుకొనుడు మాకు ఇష్టం లేదు. అందరూ ఒకే చాళ్ల జనం.

వాళ్ల చెవుల్లో ఏ మాటలు తిరుగుతుండెనో కూడా చెప్పుకోవలె. ఆ అక్టోబరులోనే ఎవరో రాణి విక్టోరియా విగ్రహానికి తారు పూసి చెప్పుల దండ వేసినారు. దానికి రాణికి కోపం వచ్చిందని, ఆ కోపం తీర్చేందుకు దవఖానలో రోగుల గుండెలు, కాలేయాలు కోసి సీమకు పంపుతున్నారని పుకారు. మనిషిని తలకిందులుగా వేలాడదీసి కింద మంట పెట్టి మమాయి తైలం తీస్తారని ఇంకో పుకారు. ఇప్పుడు వింటే నవ్వొస్తది. నవ్వే ముందర ఒక్క సంగతి ఆలోచించవలె. కొడుకును బండిలో ఎక్కించుకపోయినారు, తల్లిని గేటు లోపలికి పోనీయలేదు, నాలుగో రోజు చచ్చిపోయినాడని కబురు. వాని ఒంటి మీద కత్తి గాటు ఉన్నదా లేదా చూసుకునే వీలు లేదు. లోపల ఏమి జరుగుతున్నదో తన భాషలో చెప్పే మనిషి ఒక్కడూ లేడు. అట్లాంటప్పుడు ఆ తల్లి ఏమనుకుంటది? తెలియని చోట పుకారే పుడుతది.

ఇంకో మాట. దవఖానకు పోయినవాళ్లు ఎక్కువమంది చచ్చిపోయినారనేది అబద్ధం కాదు. ప్రాణం పోయే ఘడియకు తెచ్చినవాళ్లే ఎక్కువ. దవఖానకు భయపడి దాచిపెడతారు, దాచిపెట్టి ఆఖరి ఘడియకు దొరుకుతారు, ఆఖరి ఘడియకు పోతే చస్తారు, చస్తే మిగిలినవాళ్లకు భయం ఇంకింత పెరుగుతది. మందు కూడా అప్పుడు లేదు. డాక్టరు చేయగలిగింది శుభ్రం, పాలు, బ్రాందీ, గడ్డ కోసుడు. అంతే.

రాళ్లు పడ్డ తరువాత కమిషనరు వెనక్కి తగ్గినాడు. జాలితోనో సిగ్గుతోనో కాదు. ఊరి మురికి ఎత్తే హలాల్‌ఖోర్ మనుషులు భయపడి ఊరు విడిచిపోతే బొంబాయి మునుగుతదని ఆయన లెక్క. అంత పెద్ద నగరం, ఓడలు, గిర్ణీలు, కోట, అన్నీ చీపురు పట్టినవాని మీద ఆధారపడి నిలిచినవని ఆ ఒక్క వారంలో దొరలకు తెలిసింది. ఆ మనుషులకు మాత్రం జీతం పెరిగినట్టు మేము ఎక్కడా చదవలేదు.

జనం పోనే పోయినారు. 1897 ఫిబ్రవరి నాటికి ఇంచుమించు సగం ఊరు ఖాళీ. రైళ్ల మీద, పడవల మీద, కాలినడకన. గిర్ణీలకు మనుషులు దొరకక యజమానులు సందు మొగల్లో నిలబడి కూలీని వేలం పాడినట్టు పాడుకున్నారు. నెల జీతం బదులు ఏ రోజుకారోజు రొక్కం ఇచ్చినారు. నెలన్నర జీతం పట్టి ఉంచుకునే గిర్ణీ యజమాని రోజు కూలి చేతిలో పెట్టిండంటే ప్లేగు ఎంత భయపెట్టిందో చూడండి. పోయినవాళ్లు తమతోబాటు రోగాన్నీ తీసుకపోయినారు. రైలు దారి వెంబడి పూణే, షోలాపూర్, ఇంకా కిందికి. మా ఊళ్లో ప్లేగు కాలం అంటే ఇల్లు తాళం వేసి పొలాల్లో పాకలు వేసుకున్న కాలం అని పెద్దలు చెప్పేటోళ్లు. మగ్గం పాకలోకి రాదు. పడుగు మగ్గం మీదనే ఉండిపోయేది. తిరిగి వచ్చేసరికి గంజి బూజుపట్టి, ఎలుకలు కొరికి, మళ్లీ మొదటి నుంచి.

ఇదే కాలంలో ఒక మంచి పని కూడా జరిగింది. హాఫ్కిన్ అని ఒక శాస్త్రజ్ఞుడు, రష్యా రాజ్యంలోని ఒడెస్సాలో పుట్టిన యూదుడు, అంతకుముందు కలకత్తాలో కలరా టీకా వేసినాయన, 1896 అక్టోబరులో బొంబాయి వచ్చినాడు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక చిన్న గది ఇచ్చినారు. మూడు నెలల్లో ప్లేగు టీకా తయారు చేసినాడు. 1897 జనవరి 10నాడు మొదటి సూది తనకే వేయించుకున్నాడు. జ్వరం వచ్చింది, నొప్పి వచ్చింది, బతికినాడు. ఆ నెలాఖరున బైకుల్లా జైలులో ప్లేగు పుట్టింది. ఒప్పుకున్న ఖైదీలకు సూది వేసినారు, మిగిలినవాళ్లకు వేయలేదు. తరువాతి రోజుల్లో వేయించుకోనివాళ్లలో 12 మందికి రోగం వచ్చి 6 గురు పోయినారు. వేయించుకున్నవాళ్లలో ఇద్దరికి వచ్చింది, ఇద్దరూ బతికినారు. ఖైదీ "ఒప్పుకున్నాడు" అనే మాటను ఎంతవరకు నమ్మాల్నో మాకు అనుమానమే. కానీ ఫలితం మాత్రం అది.

ఆ సూది బజారులోకి ఎట్లా పోయిందనేది మాకు ముఖ్యం అనిపించింది. ఖోజా ముస్లిముల గురువు ఆగాఖాన్, అప్పుడు ఇరవై ఏళ్ల పిల్లవాడు, తన జనం ముందర చేయి చాపి సూది వేయించుకున్నాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. తరువాత తన బంగళా ఒకటి హాఫ్కిన్ పనికి ఇచ్చినాడు. ఖోజాలు వేలమంది వేయించుకున్నారు. సర్కారు నోటీసు గోడ మీద ఉండగా కదలని జనం, తమ పెద్ద చేయి చాపితే కదిలినారు.

దానికి సరిగ్గా ఎదురు దారిలో పోయింది సర్కారు. 1897 ఫిబ్రవరి 4నాడు అంటువ్యాధుల చట్టం చేసింది. చాలా చిన్న చట్టం, నాలుగే సెక్షన్లు. ఏమి కావాలంటే అది చేయవచ్చు, చేసిన అధికారి మీద దావా లేదు, అని అందులో సారం. మార్చిలో బ్రిగేడియర్ జనరల్ గెటకర్ అనే మిలిటరీ దొరను ప్లేగు కమిటీకి పెద్దను చేసినారు. తెల్లవారుజామున సిపాయిలు వీధి రెండు చివరలా నిలబడుడు, తలుపు కొట్టుడు, ఇంటిల్లిపాదినీ బయటికి తెచ్చి చంకలు గజ్జలు తడిమి చూసుడు. మన ఆడవాళ్లు పరాయి మగవాని ముందర ఆ పరీక్షకు ఎట్లా నిలబడి ఉంటరో తలుచుకుంటేనే ఒళ్లు మండుతది. రోగిని దవఖానకు, మిగిలినవాళ్లను క్యాంపుకు. పైకప్పు పెంకులు తీసి ఎండ పడనిచ్చుడు, కార్బాలిక్ నీళ్లు కొట్టుడు, గోడలకు సున్నం, పనికిరాని ఇల్లు అని తలుపు మీద అక్షరాలు.

గెటకర్‌కు ఒక న్యాయం కూడా చేయవలె. ఆయన బలవంతం ఒక్కటే చేయలేదు. పెద్దమనుషులను పిలిపించి మాట్లాడినాడు. ఒక్కో కులం, ఒక్కో మతం తమ దవఖాన తాము పెట్టుకోవచ్చునని ఒప్పుకున్నాడు. పార్శీలకు వేరు, ఖోజాలకు వేరు, హిందువులకు వేరు, అట్లా ఎన్నో లేచినవి. తాటాకు పందిళ్లు, పది ఇరవై మంచాలు. వంట తమ వాళ్లది. పక్కన కూర్చునే మనిషి తమ మనిషి. రోజూ వచ్చి చూసిపోవచ్చు. మందు అక్కడా అదే, కార్బాలిక్ అక్కడా అదే. జనం మాత్రం అక్కడికి నడిచి వచ్చినారు. కులానికో దవఖాన మంచిదని మేము అంటలేము, అందులోని చెడ్డ అందరికీ తెలిసినదే. ఏ కులానికీ చెందని దిక్కులేని కూలికి అది కూడా లేదు. అయినా ఆర్థర్ రోడ్ మీద రాళ్లు వేసిన చేతులే తమ రోగిని మోసుకుని పందిరి దవఖానకు పోయినాయంటే, జనం భయపడ్డది వైద్యానికి కాదని తెలుస్తలేదా?

పూణేలో ఆ తెలివి కూడా లేకపోయింది. అక్కడ ర్యాండ్ అనే అధికారి సిపాయిలను ఇళ్లలోకి, పూజగదుల్లోకి తోలినాడు. 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ఆయనను కాల్చినారు. ఆ కథ అందరూ చెప్పుకుంటారు. అదే పూణేలో, అదే ఏడు, సావిత్రిబాయి ఫులే తన కొడుకు డాక్టర్ యశ్వంత్‌తో కలిసి ఊరి బయట ప్లేగు రోగులకు దవఖాన నడిపింది. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టిన వాడలోని పిల్లవానిని వీపున మోసుకొచ్చింది. పిల్లవాడు బతికినాడు, ఆమెకు అంటుకున్నది. మార్చి 10నాడు కన్నుమూసింది. బొంబాయి గిర్ణీ కూలీల మొదటి నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే కూడా ఆ ఫిబ్రవరిలోనే ప్లేగుకు పోయినాడు. ఫులే గారి సత్యశోధక్ సమాజానికి బొంబాయిలోని తెలుగు కాంట్రాక్టర్లు అండగా ఉండినారు గనుక, వీళ్లు మనకు పరాయివాళ్లు కారు. తుపాకి కాల్చినవాని పేరు వీధులకు పెట్టుకున్నాము, మంచిదే. వీపు మీద రోగిని మోసినామెను ప్లేగు కథలో మరిచిపోవద్దు.

ఇప్పుడు సాలెవాళ్ల సంగతికి వస్తాము. 1898 మార్చి 9. బొంబాయి మదన్‌పురలో జులాహాలు ఉండేటోళ్లు. ఉత్తరాది నుంచి వచ్చిన ముస్లిం చేనేతవాళ్లు, చేతి మగ్గాల మీద బతికినవాళ్లు. మతం వేరు గాని పని మనదే, ఆకలి మనదే. ప్లేగు వెదుకుడు పార్టీ ఒక ఇంటికి వచ్చి పన్నెండేళ్ల ఆడపిల్లకు జ్వరం ఉన్నదని దవఖానకు తీసుకపోతామన్నది. ఇంటివాళ్లు తీసుకపోనీయలేదు. మాట మాట పెరిగింది. సందులన్నీ లేచినవి. పోలీసులు కాల్పులు జరిపినారు. మంట ఊరంతా పాకి, ఎదురుపడ్డ తెల్ల సిపాయిలు కూడా చచ్చినారు, గిర్ణీలు దుకాణాలు మూసినారు.

దీన్ని చరిత్ర పుస్తకాల్లో "అల్లరి" అని రెండు ముక్కల్లో రాస్తారు. మగ్గం ఉన్న ఇంట్లోంచి చూస్తే ఇంకొకటి కనబడుతది. సాలెవాని ఖోలీయే వాని కార్ఖానా. పిల్ల కండెలు చుట్టుతది, తల్లి పడుగు సరిచేస్తది, తండ్రి నేస్తాడు. పిల్లను దవఖానకు, మిగిలినవాళ్లను క్యాంపుకు తీసుకపోతే మగ్గం ఆగినట్టే. షావుకారు నూలు ఇచ్చి ఉన్నాడు, బట్ట అడుగుతడు. గిర్ణీ కూలికి పని పోతే ఊరన్నా ఉంటది. ఇంటి మీద మగ్గం పెట్టుకున్నవానికి ఇల్లు ఖాళీ అయితే అప్పు ఒక్కటే మిగులుతది. ఆ పిల్లకు నిజంగా ప్లేగు ఉన్నదా అనేది కూడా చూడంగానే తేలే సంగతి కాదు. జ్వరం అంటే అన్నీ జ్వరాలే.

ఆ అల్లరి తరువాత, అట్లాంటివే ఇంకా చోట్ల అయిన తరువాత, సర్కారు మెల్లమెల్లగా బలవంతం తగ్గించింది. వెదుకుడు పార్టీలు తగ్గినవి. సూది ఇష్టమున్నవాళ్లకే అన్నారు. ఇంట్లో ఉంచుకుని చూసుకునేందుకు ఒప్పుకున్నారు.

అసలు విడ్డూరం ఇంకోటున్నది. అదే 1898లో పాల్ లూయీ సీమోన్ అనే ఫ్రెంచి డాక్టరు ప్లేగు ఎలుక మీది గోమారి వల్ల వస్తదని కనిపెట్టినాడు. చాలా ఏండ్లు పెద్ద డాక్టర్లే నమ్మలేదు. 1905 తరువాత పరేల్‌లో గినీ పందులను పంజరాల్లో పెట్టి పరీక్షలు చేసినాకనే ఒప్పుకున్నారు. అంటే ఏమైనట్టు? గడ్డ ప్లేగు మామూలుగా మనిషి నుంచి మనిషికి అంటేది కాదు. బిడ్డను తల్లి నుంచి విడదీసుడు, వీధిలో చంకలు తడుముడు, వీటితో రోగం ఆగేది ఏపాటి? ఎలుక సంగతి మాత్రం పట్టించుకోలేదు. మాండ్వీ గోదాముల్లో హమాలీలు చచ్చిన ఎలుకలను మొదటి రోజుల్లోనే చూసినారు. ఇల్లు విడిచి పొలం పాకకు పోయిన మన తాతలు ఎలుకకు దూరం పోయినారు. వాళ్లకు గోమారి సంగతి తెలియదు, కానీ చేసిన పని సరైనదే.

దొరలదంతా తప్పు, మనదంతా ఒప్పు అని రాస్తే అది కూడా అబద్ధమే అయితది. సూదికి భయపడి చచ్చినవాళ్లు వేలకు వేలు. 1902లో పంజాబులో మల్కోవాల్ అనే ఊళ్లో ఒక సీసా చెడి, సూది వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో పోయినారు. దాని తరువాత భయం ఇంకా పెరిగింది. సర్కారు తప్పంతా హాఫ్కిన్ మీద వేసి పనిలోంచి తీసింది. తప్పు ఆయనది కాదు, సీసా విప్పిన చోటనే చెడిందని 1907లో తేలింది. అప్పటికే పంజాబు ప్లేగుతో ఊళ్లకు ఊళ్లు పోగొట్టుకున్నది. దేశం మొత్తం మీద ప్లేగుకు పోయినవాళ్లు కోటికి పైగా. బొంబాయి జనాభా 1901 నాటికి 7,76,006కు పడిపోయింది. హాఫ్కిన్ ప్రయోగశాల 1899లో పరేల్‌లోని పాత గవర్నరు బంగళాకు మారింది, 1925 నుంచి దానికి ఆయన పేరే.

ప్లేగు పేరు చెప్పి 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టినారు. ఇరుకు పేటలు కొట్టేసి వెడల్పు రోడ్లు వేసినారు. గాలి వచ్చింది, ఎవరికి వచ్చిందంటే రోడ్డు మీది కొత్త మేడలకు వచ్చింది. కొట్టేసిన ఖోలీల జనం పక్క సందుల్లో ఇంకింత ఇరుక్కున్నారు. ట్రస్టు చాళ్లు తరువాత కట్టినా అందరికీ సరిపోలేదు. దీని గురించి వేరే రాయవలసినంత ఉన్నది, ఇక్కడ వదిలేస్తున్నాము.

1926లో పరేల్‌లో కె.ఇ.ఎం. దవఖాన, దాని పక్కన సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్ మెడికల్ కాలేజీ తెరిచినారు. సొమ్ము ఇచ్చిన సేఠ్ తరఫువాళ్లు ఒక షరతు పెట్టినారు. ఇందులో డాక్టర్లు, పాఠం చెప్పేవాళ్లు హిందుస్థానీయులే ఉండవలె. పేరు ఇంగ్లీషు రాజుది, లోపల మాత్రం మన మనుషులు. చుట్టూ అవే గిర్ణీలు, ముప్పై ఏళ్ల కింద రాళ్లు వేసిన వాళ్ల పిల్లలు, మనవలు. ఆ దవఖాన ముందర ఈనాటికీ తెల్లవారకముందే వరస కడతారు. షోలాపూర్ నుంచి కూడా పోతారు, మేమూ మనవాళ్లను తీసుకపోయినాము. రాయి పట్టుకుని పోయినవాళ్లను చూడలేదు, చీటీ పట్టుకుని నిలబడ్డవాళ్లనే చూసినాము.

మా షోలాపూర్‌లో మార్కండేయ మహర్షి పేరుతో మనవాళ్లు సహకార పద్ధతిలో దవఖాన కట్టుకున్నారు. నూలు సొసైటీ పెట్టినట్టే దవఖాన సొసైటీ. ప్లేగు నాటి తాటాకు పందిరికి, దీనికి మధ్యన కాలం చాలా గడిచింది గాని పుట్టుక ఒకటే. ఒక తేడా మాత్రం ఉన్నది, ఇందులోకి ఏ కులంవాడైనా రావచ్చు.

2020లో కరోనా వచ్చినప్పుడు సర్కారు బయటికి తీసిన చట్టం ఏదో తెలుసా? అదే 1897ది. బొంబాయిలో మొదటి కరోనా రోగులను పెట్టిన దవఖాన ఏదో తెలుసా? కస్తూర్బా దవఖాన, అంటే పేరు మారిన ఆ ఆర్థర్ రోడ్ దవఖానే. ఆ ఏడు మా సొసైటీలో ఒక నేత కార్మికుడు జ్వరాన్ని తొమ్మిది రోజులు దాచినాడు. క్యాంపుకు తీసుకపోతే మగ్గం ఆగుతది, ఇంటి మీద పోస్టరు అంటిస్తే నూలు ఇచ్చేవాడు రాడు, అని. ఆయన మదన్‌పుర పేరు ఎన్నడూ వినలేదు. ఆఖరికి పోయిన దవఖానలో డాక్టరు మరాఠీలో గబగబా చెప్పినది ఆయన భార్యకు సగమే తెలిసింది. మనిషి బతికినాడు గాని ఆమె మూడు రోజులు గేటు బయట కూర్చుని అనుకున్న మాటలు వింటే, 1896 పుకార్లు అంత దూరంవి కావనిపించింది.

ఇప్పుడు కరోనా పోయింది. దగ్గు పోలేదు. పత్తి దుమ్ముతో ఊపిరి ఆడనివాళ్లు, టి.బి. మాత్రలు రెండు నెలలు మింగి ఆపేసినవాళ్లు, కళ్లు కనబడక అచ్చు పోసుడు మానుకున్నవాళ్లు మన ప్రతి వాడలో ఉన్నారు. రిజిస్టరు తెరిస్తే పేర్లు మాకు తెలుస్తనే ఉంటవి. చీటీ రాసిస్తే తీసుకుంటారు, దవఖానకు మాత్రం పోరు. అడిగితే "ఒక్కన్నే ఎట్ల పోవాలె సెక్రెటరీ సాబ్" అంటారు.

అందుకని మా సొసైటీ నుంచి పోయిన ఏడాదిగా ప్రతి మంగళవారం ఇద్దరు ఆడవాళ్లు రోగులతో కలిసి దవఖానకు పోతున్నారు. ఇద్దరికీ తెలుగు, మరాఠీ రెండూ వచ్చు. డాక్టరు చెప్పింది మనవాళ్లకు చెప్తారు, మనవాళ్లు చెప్పలేనిది డాక్టరుకు చెప్తారు, మాత్రల చీటీ తెలుగులో రాసిస్తారు. బస్సు ఛార్జీ సొసైటీది. ఇద్దరు సరిపోతలేరు. భివండీ, బొంబాయి, అహ్మద్‌నగర్ శాఖలవాళ్లు కూడా తమ దగ్గర ఇట్లా చేస్తామంటే, రెండు భాషలు వచ్చినవాళ్ల పేర్లు సమాఖ్య ఆఫీసుకు పంపవలెనని కోరుతున్నాము.